కల్లు కాంపౌండులో కూర్చున్న ఆడవాళ్ళు

పోయిన చలికాలం ఒక శనివారం సాయంత్రం ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగాను. యూనివర్సిటీలో కలిసి చదువుకున్న నలుగురం చాలా ఏళ్ళ తర్వాత కలుసుకుంటున్నాం. మాలో ఒకామె ఉద్యోగరీత్యా నాలుగేళ్ళు జపాన్‌లో ఉండి వచ్చింది. మమ్మల్ని ఒక చిన్న జపనీస్ హోటల్‌కి తీసుకెళ్ళింది. చెక్క బల్లలు, తక్కువ వెలుతురు, గుమ్మం దగ్గర ఎర్ర కాగితపు లాంతరు. ఎవరికి కావలసింది వాళ్ళు తెప్పించుకోవడం అక్కడ లేదు. చిన్న చిన్న పళ్ళేలు ఒక్కొక్కటే వచ్చి బల్ల నడుమ చేరుతున్నాయి. ఉప్పు చల్లి ఉడికించిన పచ్చి సోయా కాయలు, పుల్లలకు గుచ్చి కాల్చిన కోడి మాంసం, వేయించిన టోఫు. చిన్న పింగాణీ కూజాలో వెచ్చచేసిన సాకే. ఎవరి గిన్నెలో వాళ్ళు పోసుకోకూడదనీ, పక్కవాళ్ళ గిన్నె నింపాలనీ, అది అక్కడి మర్యాద అనీ మా స్నేహితురాలు చెప్పింది.

"దీన్ని ఇజకాయా అంటారు. పని అయ్యాక ఇంటికి పోయే ముందు ఆడవాళ్ళు కూడా నలుగురు కలిసి ఇలా కూర్చుంటారు" అందామె. తర్వాత తనే అడిగింది, "మన దగ్గర ఆడవాళ్ళకి ఇలాంటి చోటు ఎప్పుడైనా ఉందా?"

"ఎక్కడిది? మన సంస్కృతిలో లేదు కదా" అని మరొకామె తేల్చేసింది. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

ఆ తల ఊపడం నన్ను చాలా రోజులు వెంటాడింది. ఎందుకంటే నేను అబద్ధమాడాను. అలాంటి చోటు ఉంది. అందులో కూర్చున్న ఆడవాళ్ళ పక్కన ఏడేళ్ళ పిల్లగా నేనూ కూర్చున్నాను. వాళ్ళ పళ్ళెంలోంచి తిన్నాను. ఆ ఆడవాళ్ళలో ఒకరు మా అమ్మమ్మ.

మా అమ్మమ్మ 1970ల చివర భువనగిరి దగ్గర పల్లె నుంచి నాచారం వచ్చింది. అప్పటికే నాచారం, మల్లాపూర్‌లలో పారిశ్రామికవాడ పెరుగుతోంది. తాతయ్యకు ఒక ఫ్యాక్టరీలో హమాలీ పని దొరికితే, అమ్మమ్మకు ఇంకోచోట ప్యాకింగు పని దొరికింది. ఆ పని పోయిన రోజుల్లో ఉప్పల్ అడ్డామీద నిలబడి బిల్డింగు పనికి పోయేది. కూలీ వారానికోసారి, శనివారం. ఆ సాయంత్రం ఆమె నేరుగా ఇంటికి వచ్చేది కాదు. తనతో పనిచేసే ముగ్గురు నలుగురు ఆడవాళ్ళతో కలిసి కల్లు కాంపౌండుకు పోయేది. అమ్మ కాన్పుకోసమో జ్వరంతోనో ఉన్నప్పుడు నన్ను వెంట తీసుకుపోయేది.

చుట్టూ ప్రహరీ, లోపల వేపచెట్టు, రేకుల షెడ్లు, సిమెంటు అరుగులు, కొన్ని బెంచీలు. మగవాళ్ళు ఎక్కువ. అయితే ఒక పక్క అరుగులు ఆడవాళ్ళవి. ఎవరూ బోర్డు పెట్టలేదు గాని అందరికీ తెలుసు. గేటు బయటా లోపలా గంపలు పెట్టుకుని తిండి అమ్మేది కూడా ఆడవాళ్ళే. ఉప్పూ ఉల్లిగడ్డా వేసిన శనగ గుడాలు, ఉడికించిన కోడిగుడ్లు, ఎర్రగా కారం పట్టిన బోటి, తలకాయ మాంసం, వేయించిన ఎండుచేపలు, మిరపకాయ బజ్జీలు. అమ్మమ్మవాళ్ళు తలా కొంత డబ్బు వేసుకుని, తలా ఒకటి కొనుక్కొచ్చి, మోదుగాకు విస్తరి మీద కుప్పగా పోసేవాళ్ళు. విస్తరి నడుమ, చుట్టూ వాళ్ళు. నాకు గుడ్డు, గుడాలు. వాళ్ళు సీసాల్లోంచి గ్లాసుల్లోకి ఒకరికొకరు పోసుకునేవాళ్ళు. మేస్త్రీని తిట్టుకునేవాళ్ళు, నవ్వేవాళ్ళు, ఒక్కోసారి ఏడ్చేవాళ్ళు. చిట్టీల లెక్కలు అక్కడే, పెళ్ళి సంబంధాలు అక్కడే. గంటన్నర తర్వాత లేచి, పిల్లలకోసం మిగిల్చిన బజ్జీలు పొట్లం కట్టుకుని ఇంటిదారి పట్టేవాళ్ళు.

"ఇంట్ల కూసుంటలేవా?" అని ఒకసారి అడిగాను. "ఇంట్ల కూసుంటె ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతరు బిడ్డా. ఈడ ఎవ్వలడగరు" అంది. అప్పుడు నాకది అర్థం కాలేదు.

ఈ మాట రాయడానికి నాకు పీహెచ్‌డీ తర్వాత కూడా ఇన్నేళ్ళు పట్టింది. మా స్నేహితురాలి ప్రశ్న పుణ్యమా అని ఇజకాయా చరిత్రతో మొదలుపెట్టి మా కాంపౌండు చరిత్ర దాకా చదవడం మొదలుపెట్టాను.

ఇజకాయా అన్న మాటకు అర్థమే 'కూర్చుని తాగే సాకే కొట్టు'. ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో, సాకే చిల్లరగా అమ్మే కొట్ల దగ్గర కొందరు కొన్నది అక్కడే నిలబడి తాగేవారు. వాళ్ళకోసం కొట్టువాళ్ళు కాస్త తిండి అమ్మడం, కూర్చునే చోటు చూపడం మొదలుపెట్టారు. 1811 నాటి ఒక లెక్కలో ఎడోలో 1,808 ఇజకాయాలు ఉన్నట్టు నమోదైంది. ఎడోలో ఆడవాళ్ళకంటే మగవాళ్ళు చాలా ఎక్కువ. కోటల, ఇళ్ళ నిర్మాణానికీ మోతపనికీ పల్లెలనుంచి వచ్చిన ఒంటరి కూలీలకు వండిపెట్టేవాళ్ళు లేరు. ఇజకాయా వాళ్ళ అవసరంలోంచి పుట్టింది. ఆడవాళ్ళు అక్కడ వడ్డించేవాళ్ళుగానే ఎక్కువగా ఉన్నారు. తాగడానికి తమంతట తాము పోయి కూర్చోవడం పెరిగింది 1970ల, 80ల తర్వాతే. సాకే తయారయ్యే చోటికి కూడా వందల ఏళ్ళపాటు ఆడవాళ్ళను రానివ్వలేదు. వాళ్ళు వస్తే సాకే చెడిపోతుందన్నారు. మన ఊళ్ళల్లో బహిష్టు ఆడవాళ్ళు ఆవకాయ జాడీ తాకకూడదన్న మాట గుర్తొచ్చింది. అంటే మా స్నేహితురాలు మాకు చూపించిన ఆడవాళ్ళ ఇజకాయా వయసు యాభై ఏళ్ళు దాటదు. తెలంగాణలో కల్లు దగ్గర ఆడవాళ్ళు కూర్చోవడం అంతకంటే చాలా పాతది.

ఎంత పాతదో చెప్పడానికి రాతలో సాక్ష్యం వెతికితే ముందు దొరికేది సర్కారు లెక్కలు. నిజాం రాజ్యపు పెద్ద ఆదాయాల్లో అబ్కారీ ఒకటి. చెట్లమీదా దుకాణాలమీదా హక్కులు వేలం వేసేవారు, గుత్తేదార్లు పాడుకునేవారు, గీసేవాడు చెట్టుకింత అని పన్ను కట్టేవాడు. దొరల గడీలకు రోజూ ఉచితంగా కల్లు పొయ్యడం గౌడులు చేసిన వెట్టి. తెలంగాణ సాయుధ పోరాటం రద్దు చేయించిన వెట్టిచాకిరీల జాబితాలో అదీ ఉంది. ఈ లెక్కల్లో చెట్టుంది, పన్నుంది, గుత్తేదారు ఉన్నాడు. తాగిన మనిషి లేడు. ఇక తాగిన ఆడమనిషి ఎక్కడుంటుంది?

ఆమె ఉన్నది ఆచారాల్లో. బోనాలప్పుడు అమ్మవారికి కల్లు సాక పోసేది బోనమెత్తిన ఆడవాళ్ళే. చావుకీ పెళ్ళికీ పురుడుకీ కల్లు వచ్చేది, ఆడామగా తాగేవారు. చెట్టెక్కేది గౌడు అయినా, ఇంటి దగ్గరా మండువ దగ్గరా కొలిచి పోసి డబ్బు లెక్క చూసేది చాలాచోట్ల గౌడు ఇంటి ఆడవాళ్ళు. అయితే దీన్ని చూసి పాతకాలమంతా సమానత్వమని మురిసిపోవద్దు. మా అమ్మమ్మ పుట్టిన ఊళ్ళో ఆమె కులపువాళ్ళు మండువకు దూరంగా కూర్చోవాలి. ముంతను పెదాలకు తగలనివ్వరు, ఆకు దొప్పలోకి పైనుంచి పోసేవారు. నాచారంలో కాంపౌండు ఆమెకు అందుకే నచ్చింది. "ఈడ సీస సీసే. ఎవ్వల సీస ఎవ్వలదని ఎవడు జూస్తడు?" అనేది. ఆమె విస్తరి చుట్టూ కూర్చున్న నలుగురిలో ఒకామె ముస్లిం, ఒకామె పాలమూరు నుంచి వచ్చిన వలస కూలీ. ఊళ్ళో వీళ్ళు ఒక ఆకులో చెయ్యి పెట్టేవాళ్ళు కారు.

సాహిత్యంలో వెతికాను. అది నా చదువు కూడా. 'క్రీడాభిరామం'లో ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు, పూటకూటింట తింటారు. ఆడవాళ్ళు వాళ్ళ చూపులకు ఆనుతారు. 'కన్యాశుల్కం'లో సారాదుకాణం రంగం ఉంది, అక్కడ కూర్చుని వేదాంతం మాట్లాడేది మగవాళ్ళు. అదే నాటకంలో పదిమందికి అన్నం పెట్టి బతికే పూటకూళ్ళమ్మ ఉంది. ఆమెకు పేరు కూడా లేదు, వృత్తే పేరు. బయట తిండి అమ్మే ఆడది అనుమానానికీ హాస్యానికీ పనికొచ్చింది. బయట కూర్చుని తినే ఆడది, తాగే ఆడది అసలు పాత్రే కాలేకపోయింది.

ఉద్యమాల చరిత్ర దగ్గరికి వస్తే నా చెయ్యి ఇంకా వణుకుతుంది. హైదరాబాదులో ఆది హిందూ ఉద్యమాన్ని నడిపిన భాగ్యరెడ్డివర్మ తాగుడు మానమని బస్తీ బస్తీ తిరిగి చెప్పాడు. ఆ మాటలో దళితుల ఆత్మగౌరవం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించారు. అక్షరాస్యత వాచకంలో చదువుకున్న పాఠం వాళ్ళలో రేపిన చర్చ ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది. మన తరం స్త్రీవాదులకు ఆ ఉద్యమం కన్నతల్లి లాంటిది. దాన్ని తక్కువ చేసే మాట ఒక్కటీ నేను రాయలేను. మా తాతయ్య సారా తాగి మా అమ్మమ్మను కొట్టిన రాత్రులు మా ఇంట్లోనూ ఉన్నాయి.

అయినా ఒక తేడా గమనించాలి. ప్రభుత్వం సారాను ప్యాకెట్లలో నింపి ఊరూరికీ చేర్చింది. ప్యాకెట్టుకు కూర్చునే చోటు అక్కర్లేదు, తోడు అక్కర్లేదు, తిండి అక్కర్లేదు. జేబులో పెట్టుకుని ఒంటరిగా ఎక్కడైనా తాగొచ్చు. మగవాడి కూలీ ఇల్లు చేరకముందే ప్యాకెట్టు అతన్ని చేరింది. కల్లు అలా కుదరదు. గీసిన చోట ఊరే తీపి నీరు గంటల్లోనే పులవడం మొదలవుతుంది, మర్నాటికి పుల్లబడిపోతుంది. కనుక చెట్టుకు దగ్గర్లో, ఆ రోజే, నలుగురూ చేరి తాగాలి. చెట్టు ఎంత ఇస్తే అంతే. 1995 నిషేధం కల్లును మినహాయించడంతో, రాష్ట్రమంతా బ్రాందీ షాపులు మూతబడ్డ ఆ రోజుల్లోనే మా అమ్మమ్మ వేపచెట్టు కింద నిశ్చింతగా కూర్చుంది. నేను పక్కన కూర్చుని గుడ్డు తిన్న శనివారాలు అవే. నిషేధం ఫైలుమీద సంతకం పెట్టిన ముఖ్యమంత్రి కుటుంబపు స్టూడియో కూడా నాచారంలోనే ఉందని మా బస్తీ ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే అది మంచి వ్యాసం అయ్యేది. శ్రామిక స్త్రీల స్పేస్, కులం దాటిన విస్తరి అని ముగించవచ్చు. అలాంటి వ్యాసం ఒకటి రాసి చించేశాను కూడా. ఎందుకంటే ఆ సీసాల్లో ఏముందో అందులో రాయలేదు.

మా అమ్మమ్మ నాచారం వచ్చినప్పుడు పెద్దచెరువు వైపూ ఉప్పల్ నల్లచెరువు వైపూ ఈతచెట్లు చూశానని చెప్పేది. పొలాలు ప్లాట్లయ్యాయి, గట్లు రోడ్లయ్యాయి. ఉప్పల్, కాప్రా మున్సిపాలిటీలు 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసిపోయేనాటికి గీసే చెట్టు చూద్దామంటే లేదు. తాగేవాళ్ళు మాత్రం పదింతలయ్యారు. చెట్టు ఇచ్చేదానికంటే ఎక్కువ కల్లు అమ్మాలంటే, దూరపు జిల్లాలనుంచి వచ్చే కొద్దిపాటి కల్లులో నీళ్ళు కలిపి, మత్తు తగ్గకుండా మందు కలపాలి. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం. నిద్రకూ ఆందోళనకూ డాక్టరు చీటీమీద ఇచ్చే మందులు లెక్కాపత్రం లేకుండా గ్లాసుల్లోకి చేరాయి. తీపికి శాకరిన్. పొట్టకూటికోసం మోకు ముస్తాదు కట్టుకుని చెట్టెక్కే గౌడుకు ఇందులో దక్కింది చెడ్డపేరే.

2004లో ప్రభుత్వం హైదరాబాదులో కల్లు దుకాణాలు మూసేసింది. నేను అప్పుడు ఇంటర్లో ఉన్నాను. మూసిన వారంలో మా అమ్మమ్మ చేతులు వణకడం మొదలైంది. మూడు రాత్రులు నిద్రపోలేదు. గోడమీద చీమలు పాకుతున్నాయని, తాతయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడని అంది. తాతయ్య పోయి అప్పటికి ఆరేళ్ళు. ఇంట్లో అందరం "తాగుబోతు ముసలిది" అన్నాం. నేనూ అన్నాను. ఆమెకు పట్టింది కల్లు వ్యసనం కాదనీ, ఆమెకు చెప్పకుండా ఏళ్ళ తరబడి తాగించిన మందు ఒక్కసారిగా ఆగిపోవడమనీ నాకు తెలిసింది 2015లో. ఆ సెప్టెంబరులో కల్తీ మీద దాడులు జరిగాక నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది అదే వణుకుతో, అవే భ్రమలతో ఆసుపత్రులకు వచ్చారు. పేపర్లో వాళ్ళ ఫోటోలు చూశాను. సగం మొహాలు మా అమ్మమ్మవే అనిపించింది. ఆమె 2009లో పోయింది. నా చదువంతా ఆమెకు ఒక్క సంజాయిషీ ఇవ్వడానికి కూడా ఆలస్యంగానే పనికొచ్చింది.

2014లో తెలంగాణ ప్రభుత్వం నగరంలో దుకాణాలను మళ్ళీ తెరిచింది. వృత్తిదారులకు అది ఆత్మగౌరవమూ బతుకుతెరువూ. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. చనిపోయినవాళ్ళలో ఆడవాళ్ళున్నారు. మళ్ళీ పాత వాదనే లేచింది, మూసెయ్యాలని ఒకరు, కులవృత్తిని దెబ్బతీస్తారా అని ఇంకొకరు. ఆ ఆడవాళ్ళు అక్కడికి ఎందుకు పోయారో, ఎవరితో కూర్చున్నారో, ఏం తిన్నారో, అది మూసేస్తే పనయ్యాక ఎక్కడ కూర్చుంటారో అడిగినవాళ్ళు నాకు కనబడలేదు.

నా వాదన అక్కడే మొదలవుతుంది. కూర్చోవడానికి చోటు, కడుపుకి తిండి, నలుగురి తోడు, కాసేపు ఎవరూ ఏదీ అడగని సమయం మా అమ్మమ్మ కోరుకుంది. అందుకు ఈ నగరం ఆమెకు చూపించిన ఒకే ఒక్క చోటు కాంపౌండు. అదే చోటు ఆమెకు విషం పోసింది. ఈ రెండూ ఒకే చరిత్ర. మొదటిది చెప్పి రెండోది దాస్తే మనం ఆమె పేదరికాన్ని అందంగా అలంకరించినట్టు. రెండోది చెప్పి మొదటిది దాస్తే ఆమెను బాధితురాలిగా మాత్రమే మిగిల్చినట్టు, ఆమె నవ్విన శనివారాలను ఆమె దగ్గర్నుంచి లాక్కున్నట్టు. రాయదుర్గంలో మేం నలుగురం ఒక రాత్రి పెట్టిన ఖర్చు మా అమ్మమ్మకు ఎన్ని నెలల కూలీయో లెక్క వేశాను. మా సాకేలో ఏం కలిసిందో అని మాకు ఒక్క క్షణం కూడా భయం వెయ్యలేదు. కలిసి తినే బల్ల మా ఇద్దరికీ దొరికింది. తేడా ఉన్నది ఆ భయంలో.

సాయుధ పోరాట స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చినప్పుడు, అడిగితే తప్ప ఆడవాళ్ళ చరిత్ర రాతలోకి రాదని మనకు నేర్పింది. పోరాటాల గురించి అడగడం నేర్చుకున్నాం. ఆడవాళ్ళ తీరిక గురించి, తిండి గురించి, తాగుడు గురించి అడగడానికి మనకింకా మర్యాద అడ్డొస్తోంది.

అమ్మమ్మ విస్తరి చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఒకామె ఇంకా నాచారంలోనే ఉంది. డెబ్బై దాటింది. పోయిన నెల వెళ్ళాను. రికార్డరు చూడగానే మొహం ముడుచుకుంది. కొంగు సర్దుకుంది. కోడలు వంటింట్లో ఉందేమోనని తొంగి చూసింది.

"నీకేం గావాలె బిడ్డా? మేం తాగిన ముచ్చటనా, కూసున్న ముచ్చటనా?"

"రెండూ కావాలె" అన్నాను.

ఆమె లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. ఒక గిన్నెలో ఉడికించిన శనగలు తెచ్చి మా ఇద్దరి నడుమా పెట్టింది. "అయితె మీ అమ్మమ్మ తోటి షురు జేస్త" అంది.

రాయదుర్గంలో అడిగిన స్నేహితురాలికి ఆ రాత్రే ఫోను చేశాను. ఆ రోజు తప్పు జవాబుకు తల ఊపానని చెప్పాను.